బాబ్ మార్లే చాటున పడిపోయిన పీటర్ టాష్: జీవితం, పాట, పంతం

రాగంతానం:

సభ్యులకు నమస్కారం. జమైకా దీవిలో పుట్టిన రెగె సంగీతం మాట వచ్చినప్పుడల్లా మన చర్చ బాబ్ మార్లేతో మొదలై మార్లేతోనే ముగుస్తోంది. ఆయనతో కలిసి వైలర్స్ బృందాన్ని నిలబెట్టిన పీటర్ టాష్‌కు మహా అయితే ఒక్క వాక్యం దక్కుతుంది: 'అలిగి వెళ్లిపోయాడు' అని. ఆ వాక్యం నాకు మొదటి నుంచీ మింగుడు పడలేదు. టాష్ పాటలు వింటూ, ఆయన జీవితం గురించి దొరికింది చదువుతూ వచ్చాక, అలకకూ ఆయన నిర్ణయాలకూ సంబంధం చాలా తక్కువని నాకు అనిపిస్తోంది. ఈ విషయం మీద తెలిసినవారు రాయాలని కోరుతూ ఈ చర్చను మొదలుపెడుతున్నాను.

ఆయన అసలు పేరు విన్‌స్టన్ హ్యూబర్ట్ మెకింటాష్. 1944 అక్టోబరు 19న జమైకా పశ్చిమ కొసన, చెరకు తోటలకు పేరుపడ్డ వెస్ట్‌మోర్లాండ్ ప్రాంతంలో పుట్టాడు. తల్లిదండ్రుల దగ్గర కాకుండా బంధువుల ఇంట పెరిగాడు; చిన్నతనమంతా చర్చి పాటలతో గడిచింది. గిటారు ఎలా వచ్చిందో ఆయనే చెప్పిన కథ ఒకటుంది. పల్లెలో ఒకాయన గిటారు మీద ఒకే పాటను వాయిస్తూ కూర్చుంటే, ఈ కుర్రవాడు కదలకుండా అతని వేళ్లనే చూస్తూ ఉండిపోయి, చివరికి ఆ వాయిద్యాన్ని అడిగి తీసుకుని అదే పాటను తిరిగి వినిపించాడట. ఇందులో అతిశయోక్తి ఉంటే ఉండవచ్చు. అయితే వైలర్స్ ముగ్గురూ జట్టు కట్టిన తొలిరోజుల్లో వాయిద్యం మీద గట్టి పట్టున్నది టాష్‌కేనని ఆ కాలాన్ని ఎరిగినవాళ్లు చెబుతారు.

పల్లె వదిలి కింగ్‌స్టన్ నగరానికి చేరి, ట్రెంచ్‌టౌన్ అనే పేదల వాడలో ఉండగా ఆయనకు బాబ్ మార్లే, బన్నీ లివింగ్‌స్టన్ పరిచయమయ్యారు. అక్కడ జో హిగ్స్ అనే గాయకుడు వాడ కుర్రవాళ్లను పోగుచేసి, పైసా తీసుకోకుండా స్వరాలను కలిపి పాడటం నేర్పేవాడు. మనవాళ్లు ఈ ముగ్గురి పేర్లు చెప్పి ఆ గురువును మరిచిపోతుంటారు కాబట్టి ఆయన పేరును ప్రత్యేకంగా రాస్తున్నాను. టాష్ తర్వాతి కాలంలో తన బిరుదు లాగా పాడుకున్న 'స్టెపింగ్ రేజర్' పాటను రాసింది కూడా ఈ హిగ్సే. 1964 నాటికి స్టూడియో వన్ అనే రికార్డింగ్ సంస్థలో వైలర్స్ రికార్డు చేసిన 'సిమ్మర్ డౌన్' జమైకా అంతటా మారుమోగింది.

డప్పుమోత:

రాగంతానం గారూ, మంచి విషయం ఎత్తుకున్నారు. విడిపోవడం గురించి నాకు తెలిసింది రాస్తాను.

'సిమ్మర్ డౌన్' తర్వాత దాదాపు ఎనిమిదేళ్లు వీళ్లు పాట మీద పాట పాడారు. పేరు వచ్చింది కానీ డబ్బు రాలేదు. రికార్డుల మీద లాభం నిర్మాతల జేబుల్లోకి పోయేది, పాడినవాళ్లకు చిల్లర మిగిలేది. ఆనాటి జమైకా సంగీత వ్యాపారం మొత్తం ఆ పద్ధతిలోనే నడిచింది. 1972లో లండన్‌లో ఐలండ్ రికార్డ్స్ యజమాని క్రిస్ బ్లాక్‌వెల్ ఆల్బం తీయమని నాలుగు వేల పౌండ్లు ముందుగా చేతిలో పెట్టాడు. ఆ డబ్బుతో వీళ్లు కింగ్‌స్టన్‌కు వెళ్లి చేసుకువచ్చినదే 1973లో విడుదలైన 'క్యాచ్ ఎ ఫైర్'. కింగ్‌స్టన్‌లో రికార్డయిన టేపుల మీద లండన్‌లో వేయిన్ పెర్కిన్స్ గిటారునూ, జాన్ బండ్రిక్ కీబోర్డునూ అదనంగా చేర్చారు. రాక్ సంగీతం వినే తెల్లవారి చెవికి పట్టేలా చేయాలన్నది బ్లాక్‌వెల్ లెక్క. వ్యాపారంగా చూస్తే ఆ లెక్క తప్పలేదు.

అయితే ఆ ఆల్బం అట్టను ఒకసారి పరిశీలించండి, వివాదం మొత్తం అందులోనే కనిపిస్తుంది. మొదటిసారి అచ్చయిన అట్ట సిగరెట్ లైటర్ ఆకారంలో ఉండి, పైమూతను నిజమైన లైటర్ లాగా ఎత్తితే లోపల రికార్డు కనిపించేది. దాని మీద ఎవరి ముఖమూ లేదు, బృందం పేరు మాత్రమే ఉంది. ఆ అట్టను తయారు చేయడం ఖర్చుతో కూడిన పని కావడంతో తర్వాతి ముద్రణకు కొత్త అట్ట వేశారు. అందులో గంజాయి చుట్ట తాగుతున్న మార్లే ఒక్కడి ఫోటో ఉంది, పేరు 'బాబ్ మార్లే అండ్ ది వైలర్స్' అయింది. ఆల్బంలోని తొమ్మిది పాటల్లో '400 ఇయర్స్', 'స్టాప్ దట్ ట్రైన్' అనే రెండింటిని రాసి పాడినవాడు టాష్. తాను రాసి పాడిన పాటలున్న రికార్డు మీద తన పేరు 'వగైరా'లో కలిసిపోతే, పదేళ్లుగా సమాన భాగస్వామిగా ఉన్న మనిషి ఏం చేయాలి? ఎడతెగని యాత్రలు, అరకొర చెల్లింపులు సరిపోనట్టు ఇది కూడా తోడైంది. 1973లో ఇంగ్లండ్ పర్యటన ముగిశాక ఇక యాత్రలకు రానని బన్నీ చెప్పేశాడు. 1974 నాటికి టాష్ కూడా బయటపడ్డాడు. దీన్ని అలక అనడం అన్యాయం. ఒక భాగస్వామి తన వాటా తేల్చమని అడిగాడు, తేలకపోయేసరికి లేచిపోయాడు, అంతే.

లయలోలుడు:

చర్చ ఇంతవరకూ ఒప్పందాల చుట్టూనే తిరిగింది. కొంచెం సంగీతం వైపు కూడా చూద్దాం.

రెగెలో 'వన్ డ్రాప్' అనే నడక ఉంది. నాలుగు దెబ్బల ఆవృత్తంలో మొదటి దెబ్బ మీద డ్రమ్ము మోగదు. బరువంతా మూడో దెబ్బ మీద పడుతుంది. మన కచేరీల్లో సమం దగ్గర మృదంగం గట్టిగా పలకడానికి అలవాటుపడిన చెవికి, ఇక్కడ సమం చోటు ఖాళీగా ఉండటం మొదట్లో తడబాటు కలిగిస్తుంది. వైలర్స్‌లో ఈ నడకకు పెట్టింది పేరు కార్ల్‌టన్ బారెట్. ఆ ఖాళీ మీదుగా బేస్ గిటారు పాట పాడినట్టు నడుస్తుంటే, దెబ్బకూ దెబ్బకూ నడుమ రిథమ్ గిటారు తీగలను నొక్కీ నొక్కనట్టు పట్టుకుని చటుక్కున గీరి వదిలేస్తారు. ఆ గీత మరీ పొడుగైతే మెత్తబడుతుంది, మరీ పొట్టిదైతే చప్పుడుగా మిగులుతుంది. టాష్ చేతిలో అది కత్తి నూరినంత పదునుగా ఉంటుంది. గిటారు ఒక్కటే కాదు, కీబోర్డు, నోటితో ఊదుతూ మెట్లు నొక్కే మెలోడికా కూడా ఆయన వాయించేవాడు.

ఆయన గొంతు గురించి కూడా చెప్పాలి. మార్లే గొంతులో ఒక జీర, ఒక వేడికోలు ఉంటాయి. టాష్‌ది లోతైన, నిటారైన గొంతు. బతిమాలడం దానికి చేతకాదు. వైలర్స్ తొలి పాటల్లో పై స్థాయిలో బన్నీ, నడుమ మార్లే, అడుగున టాష్ పాడుతుంటే ఆ ముగ్గురి కలయికలో ఒక నిండుతనం ఉంటుంది. 1974 తర్వాత మార్లే వెనుక ముగ్గురు గాయనులు చక్కగా పాడారు, కాదనను. కానీ ఆ అడుగు స్వరం మాత్రం మళ్లీ దొరకలేదన్నది నా అభిప్రాయం.

సొంత దారి పట్టాక టాష్ బృందంలోకి స్లై డన్‌బార్ డ్రమ్ములతో, రాబీ షేక్‌స్పియర్ బేస్‌తో వచ్చారు. 1977 నాటి 'ఈక్వల్ రైట్స్' ఆల్బంలో వాళ్ల వాయింపు సైనికుల కవాతు మాదిరిగా ముందుకు తోసుకుపోతుంది. అందులోని ఎనిమిది పాటల్లో తీసిపారేయదగింది ఒక్కటి కూడా నాకు కనబడలేదు.

పల్లకీబోయీ:

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి ఒక సందేహం అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఆయన మొదటి సొంత ఆల్బం గంజాయిని చట్టబద్ధం చేయమనే పాటతోనే ప్రసిద్ధమైంది. అట్ట మీద గంజాయి మొక్కల మధ్య కూర్చున్న ఫోటో కూడా ఉంది. ఇలాంటి మనిషిని హక్కుల కోసం పాడిన గాయకుడని గౌరవించడం ఎంతవరకు సబబు?

ఓడరేవు_కబుర్లు:

సందేహం న్యాయమైనదే. 1976 నాటి ఆ పాటను మన ఊళ్లలోని మత్తు సమస్యతో కలిపి చూస్తే అర్థం కాదు. జమైకా చరిత్రలో పెట్టి చూడాలి.

బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనిచేసేవాళ్లు కరువై, 1845 నుంచి బ్రిటిష్ ప్రభుత్వం మన దేశం నుంచి ఒప్పంద కూలీలను జమైకాకు తరలించింది. 1917లో ఆ పద్ధతి ఆగేనాటికి సుమారు 36 వేల మంది వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లిన ఉత్తరాది వారు, కొందరు మద్రాసు రేవు నుంచి వెళ్లిన దక్షిణాది వారు. గంజాయి తాగే అలవాటు వారితోనే ఆ దీవికి చేరిందన్నది చరిత్రకారుల సాధారణ అభిప్రాయం. 1913లోనే అక్కడి వలస ప్రభుత్వం దాన్ని నిషేధించింది. తర్వాత 1930ల నుంచి పేద నల్లజాతీయుల మధ్య పెరిగిన రస్తఫారీ మతంలో ఆ ఆకు పూజాద్రవ్యం అయింది. ఇక పోలీసులకు అది చేతికందిన సాకు. జుట్టు జడలు కట్టిన మనిషి కనిపిస్తే చాలు, సోదా పేరుతో కొట్టడం, లోపల వేయడం నిత్యకృత్యంగా మారింది. వైలర్స్‌లో ఒకడైన బన్నీ సైతం ఆ నేరం మీదే 1960లలో జైలుకు వెళ్లి వచ్చాడు.

ఈ నేపథ్యంలో టాష్ పాట పోలీసు లాఠీకి ఎదురు చెప్పిన పాటగా వినిపించింది. జమైకా రేడియోలో దాన్ని వేయనివ్వలేదు, అయినా జనం కొన్నారు. 2015లో జమైకా చట్టం మారి, రెండు ఔన్సుల లోపు దగ్గర ఉంచుకోవడాన్ని నేరాల జాబితా నుంచి తీసేశారు. రస్తఫారీల మతపరమైన వాడకాన్ని గుర్తించారు. అది చూడటానికి టాష్ లేడు. ఆయన పాటను గౌరవించడానికి ఆయన అలవాటును సమర్థించవలసిన అవసరం లేదని నేననుకుంటాను.

నిర్వాహకులు:

మన దేశ చట్టం గురించిన వాదన ఈ శీర్షిక కింద వద్దని సభ్యులకు మనవి. టాష్ జీవితం, సంగీతం వరకే చర్చను ఉంచండి.

రాగంతానం:

అందరికీ ధన్యవాదాలు. ఇక అసలు విషయానికి వస్తాను. నా దృష్టిలో టాష్ జీవితం మొత్తాన్ని ఒకే రాత్రిలో చూడాలంటే అది 1978 ఏప్రిల్ 22.

అప్పటి కింగ్‌స్టన్ పరిస్థితి ముందు చెప్పాలి. మైఖేల్ మాన్లీ నడిపే అధికార పక్షానికీ, ఎడ్వర్డ్ సియాగా నడిపే ప్రతిపక్షానికీ చెరికొన్ని వాడలుండేవి. ఏ వాడలో ఏ పక్షం తుపాకులు తిరుగుతాయో పిల్లలకు కూడా తెలుసు. 1976 డిసెంబరులో మార్లే ఇంట్లోకే చొరబడి కాల్పులు జరిపారు. ఆయన దేశం విడిచి లండన్‌లో ఉండిపోయాడు. 1978 మొదట్లో రెండు పక్షాల తుపాకీ దళాల నాయకులు క్లాడీ మాసప్, బకీ మార్షల్ రాజీకి వచ్చి, ఆ రాజీని నిలబెట్టడానికి నేషనల్ స్టేడియంలో పెద్ద కచేరీ తలపెట్టారు. మార్లే తిరిగి వచ్చాడు. మాన్లీ, సియాగా ముందు వరుసల్లో కూర్చున్నారు. ఆ రాత్రి మార్లే ఇద్దరినీ వేదిక మీదికి పిలిచి, వాళ్ల చేతులను తన తల మీదుగా కలిపి పట్టుకున్న ఫోటో అందరూ చూసినదే.

అంతకు ముందే టాష్ పాడాడు. నలుపు బట్టల్లో వచ్చి, పాటలు ఆపి, దాదాపు అరగంట మాట్లాడాడు. ఎదురుగా ప్రధానమంత్రి, ప్రతిపక్ష నేత, చుట్టూ పోలీసులు. ఆ ప్రసంగం శబ్ద రూపంలో ఇప్పటికీ దొరుకుతుంది. ఈ దీవిని దోచిన సముద్రపు దొంగలకు చరిత్రలో గౌరవాలిచ్చారనీ, ఆ దోపిడీ పద్ధతే ఇంకా నడుస్తోందనీ అన్నాడు. తాను రాజకీయ నాయకుణ్ణి కాననీ, కానీ రాజకీయాల ఫలితం అనుభవిస్తున్నది తనలాంటి వాళ్లేననీ అన్నాడు. శాంతి అనేది శ్మశానంలో చేతికిచ్చే డిప్లొమా అని ఎద్దేవా చేశాడు. వేదిక మీదే గంజాయి చుట్ట వెలిగించాడు. ఏడాది ముందే 'ఈక్వల్ రైట్స్' పాటలో ఆయన ఇదే చెప్పాడు: అందరూ శాంతి కావాలంటున్నారు, న్యాయం కావాలని ఎవరూ అనడం లేదు, నాకు శాంతి అక్కర్లేదు, సమాన హక్కులూ న్యాయమూ కావాలి. రికార్డులో పాడిన మాటనే పాలకుల ముఖం మీద చెప్పాడు.

దాని ఖరీదు ఆయన అదే సంవత్సరం చెల్లించాడు. సెప్టెంబరులో కింగ్‌స్టన్‌లోని హాఫ్ వే ట్రీ ప్రాంతంలో పోలీసులు ఆయనను పట్టుకుని, ఠాణాలో తల పగిలేలా, చెయ్యి విరిగేలా కొట్టారు. చచ్చినట్టు నటించబట్టి బతికానని తర్వాత ఆయనే చెప్పాడు. గిటారు వాయించే మనిషికి చెయ్యి విరగడమంటే ఏమిటో విడిగా చెప్పనవసరం లేదు.

కృష్ణాతీరం:

రాగంతానం గారు రాసింది చదువుతుంటే ఆవేశం కలుగుతోంది. కానీ ఒక విషయంలో నేను ఒప్పుకోలేను. మార్లే చేతులు కలిపించడం ఏదో అమాయకపు పని అన్నట్టు, టాష్ ఒక్కడే నిజం చెప్పినట్టు చిత్రిస్తున్నారు. తన ఇంట్లో తన మీదే కాల్పులు జరిగిన ఊరికి, ఏడాదిన్నర తిరక్కముందే వచ్చి వేలమంది ముందు నిలబడటానికి తక్కువ తెగువ చాలదు. ఆయనకు ఆ నాయకుల గురించి భ్రమలున్నాయని ఎవరన్నారు?

డప్పుమోత:

కృష్ణాతీరం గారి మాటను ఒప్పుకుంటాను. కాకపోతే తర్వాత జరిగింది చూడండి. రాజీకి పూనుకున్న మాసప్‌ను 1979 ఫిబ్రవరిలో పోలీసులు కాల్చి చంపారు. మార్షల్ 1980లో న్యూయార్క్‌లో హతుడయ్యాడు. అదే సంవత్సరం ఎన్నికల హింసలో జమైకాలో దాదాపు 800 మంది చనిపోయారు. తుపాకీని వాడకు చేర్చిన ఏర్పాటును కదపకుండా తుపాకీ పట్టినవాళ్ల చేతులు కలిపితే ఏమవుతుందో టాష్ ముందే చెప్పాడు. మార్లే తెగువ మార్లేదే, అంచనా మాత్రం టాష్‌దే నిజమైంది.

లయలోలుడు:

ఆ రాత్రి టాష్‌కు మరో దారి కూడా తెరుచుకుంది. ప్రేక్షకుల్లో ఉన్న రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్, టాష్‌ను తమ రికార్డు సంస్థలోకి తీసుకున్నాడు. ఆ వేసవిలో స్టోన్స్ అమెరికా పర్యటనలో వాళ్లకు ముందు పాడే అవకాశం వచ్చింది. 1978లో 'బుష్ డాక్టర్', 1979లో 'మిస్టిక్ మ్యాన్', 1981లో 'వాంటెడ్ డ్రెడ్ అండ్ అలైవ్' వెలువడ్డాయి. జాగర్‌తో కలిసి పాడిన 'డోంట్ లుక్ బ్యాక్' అనే పాత పాట బాగా అమ్ముడుపోయింది. నా మట్టుకు నాకు ఈ మూడు ఆల్బంలూ 'ఈక్వల్ రైట్స్' దరిదాపులకు రావు. పాట బాగుంటే వాయిద్యాల కూర్పులో మెరుపులెక్కువై ఉంటాయి, లేదా కూర్పు కుదిరితే పాట పలచగా ఉంటుంది. పాత గొడవే ఇక్కడ కూడా తిరగబెట్టింది: తన రికార్డులను సరిగ్గా ప్రచారం చేయడం లేదని ఆయన తగువు పడి బయటికి వచ్చేశాడు. ప్రతి సంస్థతోనూ ఇలాగే జరిగిందంటే, తప్పు ఎప్పుడూ అవతలివాళ్లదేనని నేను అనలేను.

1983 నాటి 'మామా ఆఫ్రికా' వేరే సంగతి. అందులో చక్ బెర్రీ 'జానీ బి. గుడ్' పాటను తీసుకుని, పాటలోని అమెరికా పల్లెను జమైకాలోని మాండెవిల్ పరిసరాలకు మార్చేసి, రాక్ అండ్ రోల్ వేగాన్ని సగానికి దించి, దానికి కొత్త ప్రాణం పోశాడు. అప్పటి పర్యటనలో ఎం-16 తుపాకీ ఆకారంలో చేయించిన గిటారు పట్టుకుని వేదికెక్కేవాడు. ఒంటిచక్రం సైకిలు తొక్కడం కూడా ఆయన సరదాల్లో ఒకటి. కోపిష్టి అని పేరుపడ్డ మనిషిలో ఇంత హాస్యం ఉందన్న సంగతి చాలామంది గమనించరు.

పల్లకీబోయీ:

నా సందేహానికి ఓపికగా జవాబిచ్చినందుకు కృతజ్ఞతలు. ఆయన హత్య గురించి ఎవరైనా రాస్తారా? రాజకీయ హత్య అని ఎక్కడో చదివాను.

ఓడరేవు_కబుర్లు:

1987 సెప్టెంబరు 11 సాయంత్రం కింగ్‌స్టన్‌లోని ఆయన ఇంటికి ముగ్గురు సాయుధులు వచ్చారు. వారిలో ఒకడు డెనిస్ లోబన్. జైలు నుంచి విడుదలయ్యాక టాష్ అతనికి డబ్బు సాయం చేస్తూ వచ్చాడు, ఇంటికి రానిచ్చాడు. ఆ రోజు డబ్బు తీయమని బెదిరించి, తన దగ్గర లేదని టాష్ అన్నా నమ్మక, ఇంట్లో ఉన్నవాళ్లందరి మీదా కాల్పులు జరిపారు. టాష్‌తో పాటు ఆయన మిత్రుడు విల్టన్ బ్రౌన్, రేడియో వ్యాఖ్యాత జెఫ్ డిక్సన్ ప్రాణాలు కోల్పోయారు. డ్రమ్మర్ శాంటా డేవిస్, టాష్ సహచరి మార్లీన్ బ్రౌన్ సహా మరికొందరు గాయాలతో బయటపడ్డారు. టాష్‌కు అప్పటికి 42 ఏళ్లు.

లోబన్‌కు మరణశిక్ష పడింది, 1995లో దాన్ని యావజ్జీవంగా తగ్గించారు. మిగతా ఇద్దరికి శిక్ష పడలేదు. రాజకీయ కుట్ర అనే మాట అందుకే పుట్టి ఉంటుంది. కానీ కోర్టు ముందుకు వచ్చినంతలో ఇది దోపిడీకి వచ్చి చేసిన హత్య. అదే ఏడాది ఏప్రిల్‌లో వైలర్స్ డ్రమ్మర్ కార్ల్‌టన్ బారెట్ కూడా తన ఇంటి ముంగిట కాల్పుల్లో చనిపోయాడు. మార్లే 1981లోనే క్యాన్సర్‌తో పోయాడు కాబట్టి, మార్లే, టాష్, బన్నీ ముగ్గురిలో ఆ ఏడాది చివరికి బన్నీ ఒక్కడే మిగిలాడు.

కృష్ణాతీరం:

ఆయన చివరి ఆల్బం 'నో న్యూక్లియర్ వార్' 1987లో, చనిపోయిన కాలంలోనే వచ్చింది. 1988లో దానికి ఉత్తమ రెగె రికార్డింగ్‌గా గ్రామీ బహుమతి ప్రకటించారు. జమైకా ప్రభుత్వం 'ఆర్డర్ ఆఫ్ మెరిట్' గౌరవాన్ని మార్లేకు 1981లో, ఆయన బతికి ఉండగానే ఇచ్చింది. అదే గౌరవం టాష్ దాకా రావడానికి 2012 పట్టింది. 2016లో కింగ్‌స్టన్‌లో ఆయన పేరిట ప్రదర్శనశాల తెరిచారు.

ఇంతవరకూ చదివాక వినాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

రాగంతానం:

కృష్ణాతీరం గారూ, 'గెట్ అప్, స్టాండ్ అప్' తో మొదలుపెట్టండి. ఆ పాటను మార్లే, టాష్ కలిసి రాశారు. 1973 నాటి 'బర్నిన్' ఆల్బంలో మొదటి చరణాలను మార్లే పాడతాడు. చివరి చరణం దగ్గర టాష్ అందుకుని, మీ మతాల ఆటలతో విసిగిపోయామని అనగానే పాట ఒక్కసారిగా కిందికి దిగి బరువెక్కుతుంది. దాని తర్వాత వెంటనే 1977లో టాష్ తన 'ఈక్వల్ రైట్స్' ఆల్బంకు మొదటి పాటగా పెట్టుకున్న రూపం వినండి. మార్లే చరణాలను కూడా ఇక్కడ టాష్ గొంతే పలుకుతుంది. అదే ఏడాది బన్నీ కూడా 'ప్రొటెస్ట్' ఆల్బంలో తన రూపం విడుదల చేశాడు. విడిపోయి మూడేళ్లయినా ముగ్గురూ ఆ పాటను ఎవరికి వారు తమదిగానే ఉంచుకున్నారు. 1980 సెప్టెంబరులో పిట్స్‌బర్గ్‌లో జరిగిన తన ఆఖరి కచేరీని మార్లే ముగించింది కూడా ఈ పాటతోనే.

అవి అయ్యాక '400 ఇయర్స్', ఆ తర్వాత 'డౌన్‌ప్రెసర్ మ్యాన్'. లయలోలుడు గారు చెప్పిన అడుగు స్వరం మంచి హెడ్‌ఫోన్లలోనే సరిగ్గా వినిపిస్తుంది, ఫోను స్పీకరులో బేస్ మొత్తం కొట్టుకుపోతుంది.